తేరుకునే పాటను తెరకెక్కించడం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మ్యూజిక్ వీడియో ప్రణాళిక

ప్రేమ చెదిరిన మనిషి కన్నీళ్లు పెట్టుకోవడాన్ని తెరపై చూపించడం కష్టమేమీ కాదు. ముఖానికి దగ్గరగా కెమెరా పెట్టి, వెనుక వయొలిన్ వినిపిస్తే ప్రేక్షకుడికి విషయం అందిపోతుంది. అదే మనిషి మళ్ళీ కడుపునిండా అన్నం తినడం, పనిలో కూర్చోవడం, పాత పేరు ఎవరో పలికినా చేతిలో పని ఆపకుండా ఉండగలగడం చూపించడమే కష్టం. ప్రణాళిక కావలసింది దానికే. ఉత్తరాంధ్ర నుంచి యూట్యూబ్‌లోకి వస్తున్న లవ్ ఫెయిల్యూర్ పాటల్లో గొంతులు బాగుంటాయి, ఊళ్ళు బాగుంటాయి, మొదటి మూడు నిమిషాలూ మనసును పట్టుకుంటాయి. ఆఖరి నిమిషానికి వచ్చేసరికి చాలా వాటిలో నాయకుడు సీసా పట్టుకుని ఇసుకలో కూలబడతాడు, లేదా ఎక్కడి నుంచో ఇంకో అమ్మాయి వచ్చి నవ్వుతుంది. ఈ రెండింటిలోనూ మనిషి తేరుకున్న జాడ ఉండదు.

నాలుగు నిమిషాల పాటను, ఏడెనిమిది మంది బృందంతో, సొంత డబ్బుతో తీయదలచినవారి కోసం ఈ మార్గదర్శి. మొదటి నుంచి చివరి వరకు ఒకే ఊహాకథను ఉదాహరణగా తీసుకుంటాను. పొందూరులో నూలు వడికే ఒక యువతి. ఆమెతో పెళ్ళి మాటల దాకా వచ్చిన అబ్బాయి పనికని హైదరాబాదు వెళ్ళి, క్రమంగా ఫోన్లు తగ్గించి, ఒకరోజు పూర్తిగా మానేస్తాడు. వలస ఇంటింటి సంగతి అయిన ఈ జిల్లాల్లో ఈ కథను ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు కాబట్టి, ఉన్న నాలుగు నిమిషాలనూ ఆమె కోసమే ఖర్చు పెట్టవచ్చు.

ముందుగా చివరి దృశ్యం రాసుకోవాలి

కథను మొదటి నుంచి రాయడం మొదలుపెడితే దుఃఖం దగ్గరే సరుకంతా అయిపోతుంది. అందుచేత కాగితంపై మొదట రాయవలసింది చివరి దృశ్యం. దాన్ని కెమెరాకు అందే క్రియలతోనే రాయాలి. 'ఆమె ఇప్పుడు ప్రశాంతంగా ఉంది' అన్న వాక్యాన్ని ఎవరూ చిత్రీకరించలేరు. 'వడికిన నూలు అప్పగించి, వచ్చిన డబ్బు లెక్క చూసుకుని, తోటి ఆడవాళ్ళతో టీ తాగుతూ మాట్లాడుతోంది. సంచిలో ఫోను మోగుతుంది. ఎవరిదో చూడకుండానే మాట కొనసాగిస్తుంది' అన్న వాక్యాన్ని చిత్రీకరించవచ్చు.

ఇది రాసిన తరువాత వెనక్కి నడవాలి. చివర ఆ ఫోను మోగినప్పుడు ఆమె చూడకపోవడం ప్రేక్షకుడికి తెలియాలంటే, అంతకు ముందు ఆమె ఎన్నోసార్లు చూసి ఉండాలి. కాబట్టి మొదటి దృశ్యంలో ఫోను రాట్నం పక్కనే, తెర పైకి ఉండేలా పెట్టి ఉంటుంది. పల్లవిలో అది ఒళ్ళోకి వస్తుంది. మొదటి చరణంలో రాత్రిపూట దిండు పక్కన వెలుగుతుంది. ఆ తరువాత తిరగేసి పెట్టి ఉంటుంది. చివరికి గోడకు తగిలించిన సంచిలోకి పోతుంది. మాట లేకుండా, ముఖకవళిక కూడా లేకుండా, ఒక వస్తువు ఉండే చోటు మారడం ద్వారా కథ మొత్తం నడుస్తుంది. ఇలా ఒకే రోజువారీ చర్యను నాలుగైదుసార్లు, ప్రతిసారీ కొంచెం తేడాతో చూపించడం నాకు తెలిసిన పద్ధతుల్లో అన్నిటికంటే నమ్మకమైనది.

అబ్బాయిని దుర్మార్గుడిగా చూపాలా అన్న ప్రశ్న ఇక్కడే తేల్చుకోవాలి. వద్దని నా గట్టి అభిప్రాయం. విడిపోయిన మనిషిని, ముఖ్యంగా ఆడపిల్లను, తిట్టే పాటలు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటిలో కోపం ఉంటుంది గాని తేరుకోవడం ఉండదు, ఎందుకంటే తిడుతున్నంతసేపూ మనసు ఆ మనిషి దగ్గరే ఉంటుంది. మన కథలో అబ్బాయి ముఖాన్ని ఒకటి రెండుసార్లకు మించి చూపించనవసరం లేదు. ఈ కథ ఎవరి జీవితం నుంచైనా వచ్చినట్లయితే వారి అసలు ఫొటోలు, సందేశాలు, ఊరి గుర్తులు వీడియోలోకి రాకుండా చూసుకోవాలి.

పాటలోనే మలుపు ఉండాలి

వీడియో పని మొదలయ్యేసరికి పాట పూర్తిగా మిక్స్ అయి ఉండాలి, నిడివి ఇక మారకూడదు. అయితే బాణీ కట్టకముందే సంగీత దర్శకుడితో మీరు కూర్చోవాలి, ఎందుకంటే దృశ్యంలో చూపదలచిన మలుపు స్వరంలో కూడా ఉంటే సగం పని అయిపోతుంది. ఇందుకు మన సంగీతంలోనే చక్కని దారి ఉంది. శివరంజని, మోహన రాగాలు రెండూ ఐదు స్వరాలవే. షడ్జమం, చతుశ్రుతి రిషభం, పంచమం, చతుశ్రుతి ధైవతం రెండింటికీ ఒకటే. తేడా గాంధారంలో మాత్రమే ఉంది: శివరంజనిలో సాధారణ గాంధారం, మోహనలో అంతర గాంధారం. పల్లవినీ మొదటి చరణాన్నీ శివరంజనిలో కట్టి, రెండో చరణాన్ని మోహనలోకి తీసుకువెళ్ళి, చివర అవే పల్లవి మాటలను మోహనలో పాడిస్తే, ఒక్క స్వరం అర మెట్టు పైకి జరగడంతో అదే మాటకు వేరే వెలుగు వస్తుంది. రాగం పేరు తెలియని శ్రోతకు కూడా ఆ మార్పు చెవిన పడుతుంది.

ఆ గాంధారం మారే క్షణాన్ని ట్రాక్‌లో సెకనుతో సహా గుర్తు పెట్టుకోవాలి. దృశ్యంలో మార్పు సరిగ్గా అక్కడ కాకుండా, రెండు మూడు సెకన్లు ముందుగా మొదలైతే ఇంకా బాగుంటుంది. ఆమె ముందు కదులుతుంది, సంగీతం ఆమె వెంట వస్తుంది.

మన నాలుగు నిమిషాల పాటను, అంటే 240 సెకన్లను, ఇలా పంచుకోవచ్చు. ఆరంభ సంగీతం 20, పల్లవి 40, మొదటి బిట్ (మాటలు లేని వాద్య భాగం) 25, మొదటి చరణం 45, పల్లవి తిరుగుడు 15, రెండో బిట్ 30, రెండో చరణం 45, ముగింపు పల్లవి 20. ఇందులో రెండో బిట్‌కు ఇచ్చిన 30 సెకన్లు అత్యంత విలువైనవి. అక్కడ మాటలు లేవు కాబట్టి కాలం గడవడాన్ని అక్కడే చూపించాలి. ఆ బిట్‌ను కీబోర్డు శబ్దంతో నింపకుండా నిజమైన వీణతో వాయించమని అడగండి. పనస కర్రతో చేసే బొబ్బిలి వీణలు ఈ నేల మీదే తయారవుతాయి. విజయనగరంలో 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న మహారాజా సంగీత కళాశాల నేటికీ విద్యార్థులను తీర్చిదిద్దుతోంది. ఘంటసాల చదువుకున్నది అక్కడే. వీణ, వయొలిన్ వాయించేవారి కోసం మొదట ఆ ఊళ్ళోనే విచారించడం మేలు.

సాహిత్యం ఉత్తరాంధ్ర యాసలో ఉంటే నిస్సంకోచంగా అలాగే ఉంచండి. తెరపై ఈ యాసను చాలాకాలం నవ్వు కోసమే వాడారు. దుఃఖం కూడా ఈ యాసలో నిండుగా పలుకుతుందని చూపించే అవకాశం ఇలాంటి పాటకు ఉంది. గాయని ఈ ప్రాంతం వారైతే మరీ మంచిది.

రాతపని కూడా ఇప్పుడే ముగించాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం, సంగీతం, రికార్డింగ్ మూడూ వేర్వేరు హక్కులు; హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఒప్పందంలో కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్ళుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేననీ చట్టం భావిస్తుంది. స్నేహితుల మధ్యనైనా ఒక పేజీ ఒప్పందం రాసుకోండి.

పనిని పనిగా తీయాలి

మన కథానాయిక చేతికి పని ఇచ్చాం కాబట్టి ఆ పనిని నేర్చుకోవాలి. పొందూరు ఖాదీలో పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, రాట్నంపై సన్నని నూలుగా వడుకుతారు. నటి కనీసం కొన్ని రోజులు ఆ ఆడవాళ్ళ పక్కన కూర్చుని చేతుల కదలిక పట్టుకోవాలి. అది కుదరకపోతే ముఖం నటిది, చేతులు అసలు పనివారివిగా విడివిడి షాట్లు వేసుకోవాలి. అప్పుడు గాజులు, చీర కొంగు రెండింటా ఒకటే ఉండేలా జాగ్రత్తపడాలి. పనివారి దగ్గర తీసిన సమయానికి వారికి కూలి ఇవ్వాలి, తెరపై కనిపించేవారి నుంచి సంతకంతో అంగీకారం తీసుకోవాలి.

రాట్నం కనబడగానే దారం తెగే షాట్, తెగిన దారాన్ని అతికే షాట్ అందరికీ తోస్తాయి. వాటిని వదిలేయమని నా సలహా. ప్రేక్షకుడు వాటిని చూసి అర్థాన్ని గుర్తుపడతాడు, అక్కడితో ఆగిపోతాడు. అంతకంటే ఆమె వడికే వేగం చూపండి. మొదటి చరణంలో చక్రం ఆగి ఆగి తిరుగుతుంది, రెండో చరణంలో పాట లయకు దగ్గరగా తిరుగుతుంది.

లొకేషన్లు, వెలుగు, రుతువులు

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటి ముందుగా చెప్పాలి. మన తీరం తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని సముద్రంలోకి దిగడు. సముద్రం వెనుకగా ఎర్రని సూర్యుడి ముందు నీడబొమ్మలా మనిషి నిలబడే షాట్ కావాలంటే కళింగపట్నంలో గాని, విజయనగరం జిల్లా చింతపల్లిలో గాని తెల్లవారుజామునే తీయాలి. ఆగస్టులో సూర్యోదయం సుమారు 5.35కి, డిసెంబరులో సుమారు 6.20కి అవుతుంది; బృందం అంతకు గంట ముందే ఇసుకపై సిద్ధంగా ఉండాలి. సాయంత్రం వెలుగు భూమి వైపు నుంచి వచ్చి నీటి మీద, ముఖం మీద మెత్తగా పడుతుంది. దగ్గరి షాట్లకు ఆ వేళే అనుకూలం. ఈ భౌగోళికం మన కథకు మేలే చేస్తుంది: విషాదాన్ని సాయంత్రానికి, నదులకు వదిలి, సముద్రాన్ని ఆఖరి చరణం ఉదయానికి దాచుకోవచ్చు.

నదులు ఇంకో పెద్ద సంపద. శ్రీకాకుళం పట్టణం గుండా పోయే నాగావళి వేసవిలో చాలావరకు ఇసుక మేటగా ఉంటుంది, వానాకాలంలో నిండుగా పారుతుంది. ఒకే గట్టు, ఒకే కెమెరా ఎత్తు, ఒకే లెన్స్‌తో మే నెలలో ఒక షాట్, సెప్టెంబరులో ఒక షాట్ తీసి రెండో బిట్‌లో పక్కపక్కన వేస్తే నెలలు గడిచాయని ఏ అక్షరమూ వేయకుండా తెలుస్తుంది. దీనికి మొదటిసారి తీసినప్పుడు కెమెరా నిలిపిన చోటును, కెమెరా స్టాండు ఎత్తును, లెన్స్ కొలతను నోటుపుస్తకంలో రాసి, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. పొలాలతోనూ ఇదే చేయవచ్చు: వరి నాట్లు జూలై, ఆగస్టుల్లో, కోతలు నవంబరు, డిసెంబరుల్లో ఉంటాయి. మేకప్‌తో, గడ్డంతో చూపే కాలం కంటే నేల చూపే కాలం నమ్మదగినది, దానికి ఖర్చూ లేదు. నది నిండుగా ఉన్నప్పుడు మాత్రం నటిని నీటి అంచుకు తీసుకువెళ్ళవద్దు.

అందుకే, నది షాట్లను విడిగా తీసుకుని, ప్రధాన చిత్రీకరణను రెండు విడతలుగా, ఒకటి ఆగస్టు ప్రాంతంలో, రెండోది డిసెంబరులో పెట్టుకోమంటాను. మధ్యలోని అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని ఎంత దెబ్బతీసిందో ఈ జిల్లావారికి చెప్పనక్కరలేదు. తుపానుకు కూలిన తోటలను, పాడైన పడవలను ప్రేమ బాధకు నేపథ్యంగా వాడుకోవద్దు. అది ఇంకొకరి బతుకు నష్టం. సంక్రాంతి వారం, అరసవల్లి రథసప్తమి, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో బస్సులు, గదులు దొరకవు కనుక వాటికి దూరంగా తేదీలు వేసుకోవాలి.

వీడ్కోలు దృశ్యానికి స్టేషను కావాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషను పట్టణంలో కాక ఆమదాలవలసలో ఉంది. అదే ప్రధాన మార్గంలో పొందూరుకూ స్టేషను ఉంది. ప్లాట్‌ఫారంపై చిత్రీకరణకు రైల్వే అనుమతి, రుసుము తప్పనిసరి. పట్టాలపై నడిచే షాట్ పూర్తిగా మానేయండి. అది రైల్వే చట్టం ప్రకారం నేరం, ప్రాణాలు పోయే ప్రమాదం, పైగా చూసి చూసి అరిగిపోయిన షాట్. రైలును చూపకుండా, ఇంట్లో ఆమె చెయ్యి రాట్నంపై ఆగడమూ, దూరంగా రైలు కూత వినబడడమూ చాలు. ఆ కూత రోజూ అదే వేళకు వినబడుతుంది, చివరి చరణంలో చెయ్యి ఆగదు.

అనుమతులు

శాలిహుండం బౌద్ధ స్థలం, శ్రీముఖలింగం ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ తీయాలంటే ఆ శాఖకు చాలా ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. ఆలయ ప్రాంగణాలకు దేవస్థానం అధికారుల అనుమతి, లైట్‌హౌస్ లోపలికి దీపస్తంభాల శాఖ అనుమతి కావాలి. బీచ్‌లో మత్స్యకారుల పడవలు, వలలు కనిపిస్తే వాటి యజమానులను అడగాలి, స్థానిక పోలీస్ స్టేషనులో ఒక ఉత్తరం ఇవ్వాలి. డ్రోన్ విషయంలో 2021 డ్రోన్ నియమాలు వర్తిస్తాయి: 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు గాని, ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగు మండలంలో ఉందో ఎగరవేసే రోజునే చూసుకోవాలి, గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. ఈ కథకు ఒకటి రెండు డ్రోన్ షాట్లకు మించి అవసరం లేదు. ఆకాశం నుంచి చూసినప్పుడు మనిషి మరీ చిన్నగా కనిపిస్తుంది, ఆమె ఏం చేస్తోందో కనబడదు.

షాట్ డివిజన్, లిప్ సింక్

సగటున ఒక్కో షాట్ ఐదారు సెకన్లు అనుకుంటే 240 సెకన్లకు 40 నుంచి 48 షాట్లు కావాలి. రెండు సెకన్లకొకటి కట్ అయితే దుఃఖం నిలవదు. ప్రతి షాట్‌కూ ఒక వరుస రాయండి: పాటలో ఎన్నో సెకను, ఏ లొకేషను, ఏ వేళ, ఏ దుస్తులు, ఫోను ఎక్కడుంది, పెదాలు కదులుతాయా లేదా. చివరి రెండు గడులూ కంటిన్యూటీని, అంటే షాట్ల మధ్య పొంతనను, కాపాడతాయి.

నాయిక పాటంతా పాడనవసరం లేదు. మొదటి పల్లవిలో పెదాలు కదపకుండా, పాట ఆమె లోపల నడుస్తున్నట్టు ఉంచి, రెండో చరణంలో తొలిసారి ఆమె చేత పాడిస్తే మలుపుకు ఇంకో బలం చేరుతుంది. లిప్ సింక్ (పాటకు పెదాలు కలపడం) ఉన్న చోట ట్రాక్ ముందు నాలుగు క్లిక్‌లు చేర్పించండి. కెమెరా మైకులో పడే ఆ శబ్దంతో ఎడిటింగులో కలపడం తేలిక. సముద్రం గాలిలో స్పీకరు వినబడదు, జుట్టు కింద ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టాలి. స్లో మోషన్‌లో పెదాలు కలవాలంటే లెక్క ఇది: వీడియో 25 ఫ్రేములది, షాట్ 50 ఫ్రేములలో తీస్తున్నారు, కాబట్టి అక్కడ పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి, నటి ఆ వేగంతో పాడాలి. ఒకటి రెండు పంక్తులకే ఇది పెట్టుకోండి, ముందురోజు సాధన చేయించండి.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇంటి ట్యూబులైట్ల కింద 25 ఫ్రేములు, 1/50 షట్టరు వాడితే వెలుగు మినుకుమనదు. ఏసీ గదిలోంచి తీసిన కెమెరా తీరం తేమలో మంచు పట్టినట్టు మసకబారుతుంది. సూర్యోదయానికి అరగంట ముందే సంచిలోనే బయట ఉంచాలి. ఇసుక మీద లెన్సులు మార్చవద్దు.

నటి, బృందం, రోజు నడక

ఏడ్చే దృశ్యాలను వరుసగా ఒకే పూట పెట్టవద్దు. అలసిన తరువాత వచ్చే కన్నీరు నీరసంగా ఉంటుంది, నటికీ మంచిది కాదు. ఉదయం పనికి సంబంధించిన షాట్లు, మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఇంటి లోపలి షాట్లు, సాయంత్రం ఒక్క భారమైన దృశ్యం అన్న క్రమం బాగుంటుంది. ఆ దృశ్యానికి కెమెరా, ఫోకస్, దర్శకుడు తప్ప మిగిలినవారు గది బయట ఉండాలి. ఏ జ్ఞాపకంతో ఏడవాలో నటికి మీరు చెప్పకూడదు. ఆమె సొంత గాయాన్ని తవ్వించే హక్కు దర్శకుడికి లేదు. గ్లిసరిన్ వాడడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఒక రోజుకు పాతికకు మించి షాట్లు రాయవద్దు. ఖర్చులో తిండి, ప్రయాణాలు, అద్దె పరికరాలు ముందు లెక్కవేసి, మొత్తంలో పదో వంతుకు తగ్గకుండా వానకు, వాయిదాకు పక్కన పెట్టుకోవాలి. కళింగపట్నంలో సూర్యోదయం ఉన్న రాత్రి శ్రీకాకుళంలోనే బస చేయడం మంచిది. పొందూరు నుంచి చీకట్లో బయలుదేరితే వెలుగు దాటిపోతుంది.

ఎడిటింగ్, విడుదల

మొదటి కూర్పులో రెండో బిట్‌ను, రెండో చరణాన్ని ముందుగా అమర్చండి. అవి నిలిస్తే దుఃఖ భాగాన్ని ఎంత తగ్గించాలో తెలుస్తుంది. సాధారణంగా తగ్గించవలసే వస్తుంది. రంగుల విషయంలో మొదట అంతా నీలంగా, చివర అంతా పచ్చగా చేయడం వద్దు. ఖాదీ తెలుపు మొదటి నుంచి చివరి దాకా ఒకే తెలుపుగా ఉంటే చాలు, రుతువు మార్పు తన పని తాను చేస్తుంది. ఆ తరువాత కూర్పును ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఆమె ఏ షాట్ నుంచి తేరుకోవడం మొదలైందో, కథ తెలియని మనిషి వేలు పెట్టి చూపగలిగితే కూర్పు సరిగ్గా ఉన్నట్టే.

ఫోనులో నిలువుగా చూసే చిన్న ముక్కల కోసం ముఖ్యమైన షాట్లలో నాయిక ఫ్రేము మధ్య భాగంలో ఉండేలా చిత్రీకరణ సమయంలోనే చూసుకోవాలి. ఆ ముక్కలకు ఏడుపు దృశ్యాలను ఎంచుకోవడం అలవాటైపోయింది. రెండో చరణంలోని పది సెకన్లు వేయండి. యూట్యూబ్ శబ్దాన్ని సుమారు మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) స్థాయికి తగ్గిస్తుంది, కాబట్టి మాస్టరింగులో అంతకంటే బాగా పెద్దగా చేసి గొంతులోని మెత్తదనం పోగొట్టుకోవద్దు.

ఇలాంటి పాటను అర్ధరాత్రి ఒంటరిగా వినేవారు ఉంటారు. వీడియో చివరి పలకపైనా, వివరణలోనూ ప్రభుత్వ టెలి మానస్ సహాయ నంబరు 14416 వేయండి. అది పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది. అదే పలకపై గీత రచయిత, స్వరకర్త, గాయని, వీణ వాయించినవారు, ఎడిటర్ పేర్లతో పాటు, వారు అంగీకరిస్తే, పొందూరులో చేతుల పని నేర్పిన ఆడవాళ్ళ పేర్లు కూడా అదే అక్షరం పరిమాణంలో ఉండాలి.